కోటిపల్లికి నూరేళ్లు వస్తున్నాయి: రైల్వే జనరల్ మేనేజరు గారికి బహిరంగ లేఖ

దక్షిణ కోస్తా రైల్వే జనరల్ మేనేజరు గారికి,
విశాఖపట్నం.

అయ్యా,

కోనసీమలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న అల్లవరం మండలం నుంచి రాస్తున్నాను. మా మండలంలో రైలు స్టేషను లేదు. పక్కనున్న అమలాపురంలోనూ లేదు. రైలెక్కాలంటే మాలో కొందరు రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళతారు, కొందరు యానాం వంతెన దాటి కాకినాడ చేరతారు, ఇంకొందరు చించినాడ వంతెన దాటి పాలకొల్లు పోతారు. ఎటు వెళ్లినా గోదారి పాయ ఒకటైనా దాటనిదే రైలు కూత వినబడదు. అంబాజీపేట కొబ్బరి లారీల్లో వెళుతుంది, పిల్లలు చదువులకు బస్సుల్లో వెళతారు. కొత్త జోను పగ్గాలు చేపట్టిన మీ బల్ల మీద ఈపాటికి వినతిపత్రాలు గుట్టలు పడి ఉంటాయి. నా ఉత్తరం కూడా ఆ గుట్టలోదే అనుకోండి. కాకపోతే నేను అడగబోయే వాటికి ఖర్చు తక్కువ, గడువు మాత్రం దగ్గర పడింది.

విషయం కోటిపల్లి స్టేషను. మీ కింద ఉన్న విజయవాడ డివిజన్లో, కాకినాడ నుంచి 45 కిలోమీటర్ల దూరంలో, గోదారి పాయ గౌతమి గట్టు దగ్గర పట్టాలు ఆగిపోయే చోటు. ఈ దారి 1928లో మొదలైంది. 2028 వస్తే నూరేళ్లు. 2027లో గోదావరి పుష్కరాలు ఎలాగూ ఉన్నాయి. ఈ రెండూ వెంట వెంటనే వస్తున్నాయి కాబట్టి ఇప్పుడే రాయాలనిపించింది.

పెద్ద టెర్మినళ్ల వింతల గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. బొంబాయి విక్టోరియా టెర్మినస్ గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఒక పక్క పులి ఎందుకున్నాయో అందరూ చెబుతారు: ఒకటి బ్రిటనుకు గుర్తు, ఇంకొకటి మన దేశానికి. ఆ గోడల మీద నెమళ్లనూ కోతులనూ చెక్కింది అక్కడి ఆర్ట్ స్కూలు విద్యార్థులు. న్యూయార్కులో 1913లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్ కప్పు మీద నక్షత్ర మండలం తిరగేసి గీశారు, తూర్పు పడమరలు తారుమారయ్యాయి. మన కాచిగూడ స్టేషను 1916 నాటి నిజాం కట్టడం, పరదా పాటించే ఆడవాళ్ల కోసం అక్కడ వేరే ఏర్పాట్లు ఉండేవి. ఇవన్నీ రాతిలో మిగిలాయి కాబట్టి చూపించడానికి వీలుంది. కోటిపల్లిలో అలా వేలు పెట్టి చూపించే గుమ్మటం లేదు, గడియారం లేదు. దాని వింతలన్నీ తేదీల్లో ఉన్నాయి, పట్టాలు ఆగిన తీరులో ఉన్నాయి, లేకుండా పోయిన వాటిలో ఉన్నాయి.

1928లో పడిన పట్టాలను 1940లో పీకేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావలసి వచ్చింది. ఆ రోజుల్లో దేశమంతటా ఆదాయం తక్కువని తోచిన శాఖామార్గాలు చాలా ఇలాగే మాయమయ్యాయి. వాటి పట్టాల్లో కొన్ని మధ్యప్రాచ్యం దాకా ప్రయాణం చేశాయి. ద్రాక్షారామం పక్కనుంచి పీకిన ఇనుము ఎక్కడ తేలిందో మీ పాత దస్త్రాలు తిరగేసిన వాళ్లే చెప్పాలి. పన్నెండేళ్ల పాటు రోజూ రైలు చూసిన ఊళ్లు, ఆ తర్వాత అరవై నాలుగేళ్లు రైలు లేకుండా గడిపాయి. 2004 నవంబరులో అదే దారిన మళ్లీ బండి నడిచింది. బొంబాయి టెర్మినస్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా ఆ ఏడాదే. దాన్ని గురించి పత్రికలు పేజీలు నింపాయి. అరవై నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చిన మన స్టేషను జిల్లా ఎడిషన్లో సర్దుకుంది.

ఇంకో లెక్క చూడండి. ఈ దారి పుట్టేనాటికి ఇక్కడి రైళ్లు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ చేతిలో ఉండేవి. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడేసరికి కోటిపల్లి దారి లేదు. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టేసరికీ లేదు. అంటే దక్షిణ రైల్వే ఈ ప్రాంతాన్ని ఏలిన పదిహేనేళ్లలో కోటిపల్లికి ఒక్క బండి కూడా నడపలేదు, నడపడానికి పట్టాలే లేవు. మధ్యలో ఒక యజమాని హయాం మొత్తం కనబడకుండా పోయి, ఆ తర్వాతి యజమాని చేతిలో మళ్లీ పుట్టిన దారి ఇది. ఇప్పుడు మీ చేతికి వచ్చింది.

పుష్కరాల లెక్క ఇంకా చిత్రం. 1928 నుంచి 1940 దాకా సాగిన మొదటి జన్మలో ఈ దారికి దక్కింది ఒక్క గోదావరి పుష్కరం. రెండో జన్మ 2003 పుష్కరాలు అయిపోయిన మరుసటి ఏడాది మొదలైంది. యాత్రికులు వచ్చి, మునిగి, వెళ్లిపోయాక రైలొచ్చింది! 2015 పుష్కరాలు మాత్రం దక్కాయి. 2020లో కోవిడ్‌తో రైలు బస్సు ఆగిపోయింది. మొదటి జన్మ పన్నెండేళ్లు, రెండోది పదిహేనేళ్లకు కాస్త ఎక్కువ. నూరేళ్లకు దగ్గర పడుతున్న దారి మీద ఈ రెండు జన్మల్లో బండి తిరిగింది ముప్పై ఏళ్లు కూడా లేదు. ఏ రైల్వే చరిత్రకారుడికైనా ఇంతకంటే వింత ఏం కావాలి?

రైలు బస్సు అన్నాను. మీకు తెలియనిది కాదు గాని చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. రైలంటే ఇంజనూ వెనక బోగీలూ అనుకునే వాళ్లు కోటిపల్లి బండిని చూసి నవ్వుకునేవారు. ఒకటే పెట్టె. బస్సుకు పట్టాల చక్రాలు తగిలించినట్టుండేది. మన రాష్ట్రంలో బొబ్బిలి నుంచి సాలూరుకు కూడా ఇలాంటిదే నడిచింది. చిన్న దారులకు ఇది తెలివైన ఏర్పాటు. టెర్మినల్లో మామూలు రైలుకు ఒక చిక్కుంటుంది: వచ్చిన ఇంజను ముందుంటుంది, తిరిగి వెళ్లేటప్పుడు అదే వెనక పడుతుంది. దాన్ని విప్పి, పక్క పట్టా మీదుగా తిప్పి, అవతలి కొసకు తగిలించాలి. రైలు బస్సుకు ఆ తంటా లేదు. 1928లో ఆవిరి ఇంజనుకు మాత్రం ఉండేది. ఆవిరి ఇంజనుకు ముందూ వెనకా ఒకటి కాదు. కొన్ని చివరి స్టేషన్లలో ఇంజనును నిలబెట్టి తిప్పే గుండ్రటి టర్న్‌టేబులు పెట్టేవారు, కొన్నిచోట్ల పట్టాలను త్రికోణంలా పరిచేవారు, ఏదీ లేకపోతే ఇంజను వెనక్కి నడుచుకుంటూ పోయేది. దాహానికి నీళ్లు ఎలాగూ కావాలి. గోదారి గట్టున నీళ్లకేం కరువు? కోటిపల్లిలో వీటిలో ఏ పద్ధతి వాడారో చెప్పే నక్షా ఒక్కటి మీరు బయటపెట్టినా మా బడి పిల్లలకు ఒక పాఠం దొరుకుతుంది.

అసలు పట్టాలు కోటిపల్లిలోనే ఎందుకు ఆగాయి అంటే, అక్కడ రేవుంది. ఇవతల కోటిపల్లి సోమేశ్వరుడు, అవతల ముక్తేశ్వరం, మధ్యలో వెడల్పాటి గౌతమి. రైలు దిగి, రేవు దాటించే పంటెక్కితే అవతల కోనసీమ. ఇలా నీటి అంచున ఆగిపోయిన స్టేషన్లకు ప్రపంచంలో పెద్ద వంశమే ఉంది. 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా కొవ్వూరు, రాజమండ్రి రెండూ అలాంటివే, గోదారికి చెరో పక్క ఆగిన రైళ్లు. ఇస్తాంబుల్లో హైదర్‌పాషా స్టేషను సముద్రం అంచునే ఉంది, దిగిన వాళ్లు ఓడెక్కి ఐరోపా వైపుకు వెళ్లేవారు. ధనుష్కోటిలో రైలు దిగి సిలోను ఓడ ఎక్కేవారు, 1964 డిసెంబరు తుపాను ఆ స్టేషనును ఊరితో సహా మింగేసింది. అన్నిటికంటే నాకు నచ్చినది హౌరా కథ. 1854లో అక్కడి నుంచి రైళ్లు మొదలైనప్పుడు హుగ్లీ మీద వంతెన లేదు. అందుకని కంపెనీ వాళ్లు కలకత్తా వైపు అర్మేనియన్ ఘాట్‌లోనే టికెట్లు అమ్మారు, అందులోనే నది దాటే పడవ ఖర్చూ కలిపారు. 1874లో తేలుడు వంతెన వచ్చేదాకా అలాగే నడిచింది.

ఈ హౌరా కథ ఊరికే చెప్పలేదండి. 1854లో చేయగలిగింది ఇప్పుడు ఎందుకు కాదు? కాకినాడలో టికెట్ కొన్నవాడికి ముక్తేశ్వరం దాకా ఒకటే టికెట్ ఇవ్వండి, బండి వచ్చే వేళకు పంటు రేవులో ఉండేలా చూడండి. ఫోను నొక్కితే డబ్బు చేతులు మారే కాలంలో, రేవు పాటదారుకూ రైల్వేకూ మధ్య నాలుగు రూపాయలు పంచుకోవడం బ్రహ్మవిద్య కాదు. వరదలొచ్చి పంటు ఆగిన రోజుల్లో ఎలాగూ ఆగుతుంది, ఆ సంగతి ఇక్కడ పుట్టినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

వంతెన కడుతున్నాం కదా, ఇంకా పంటు గొడవేమిటంటారేమో. కడుతున్నారు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల దారి 2000-01లో మంజూరైంది. దాని వెనక పట్టుపట్టిన మనిషి మా అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు. కాకినాడ దారికి మళ్లీ ప్రాణం పోసిందీ ఆయన ప్రయత్నమే. 2002 మార్చి 3న హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. యెదుర్లంక, యానాం మధ్య వంతెన ఆయన పేరు మీద ఉంది. కోటిపల్లి బండిని ఆయన చూడలేదు. మంజూరైన దారికి పాతికేళ్లు నిండాయి. గౌతమిలో స్తంభాలు లేచాయి. మా మండలంలోని బోడసకుర్రు దగ్గర వైనతేయలోనూ లేచాయి. అవతల వశిష్ఠ. మూడు పాయలు, మూడు పెద్ద వంతెనలు. కొండను తొలవడం కంటే ఈ మెత్తటి ఒండ్రులో పునాది దించడం తేలికని ఎవరూ అనరు, ఇంజనీర్ల మీద నాకు కోపం లేదు. డబ్బు విడతలు విడతలుగా రావడం మీద మాత్రం ఉంది. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీకూ తెలుసు.

ఆ దారి పూర్తయితే కలిగే ఒక విశేషం మీ ప్రకటనల్లో ఎక్కడా కనబడదు, కాబట్టి నేనే చెబుతాను. పంచారామాలు ఐదు. అమరావతి ఒక్కటి పక్కన పెట్టండి. సామర్లకోట కుమారారామం మెయిన్ లైను మీద ఉంది. అక్కడి నుంచి కాకినాడ వచ్చి కోటిపల్లి దారి పడితే ద్రాక్షారామం. గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరితే, అక్కడి నుంచి దారి పాలకొల్లు క్షీరారామం వైపుకే. ఇంకాస్త ముందుకు భీమవరం సోమారామం. నాలుగు ఆరామాలు ఒకే పట్టాల తీగ మీద! కార్తీక మాసంలో ఐదు క్షేత్రాలూ ఒక్క రోజులో చూపిస్తామని తెల్లవారకముందే బయలుదేరే బస్సులెన్ని ఉంటాయో మీకు తెలిసే ఉంటుంది. ఆ జనమంతా రోడ్ల మీద నలిగిపోతున్నారు. 1928లో పట్టాలు పరిచినవాళ్లు ఇది ఊహించి పరిచారని నేను అనను. కానీ వేయేళ్ల కిందటి గుళ్ల మధ్య నూరేళ్ల నాటి పట్టాలు సగం దారి వేసి ఆపేశాయి, మిగతా సగం మీరు వేయాలి.

సరదాకి ఇంకో మాట. కోనసీమకు రైలు రాకపోవడంలో కాటన్ దొర ఆత్మ హస్తం ఉందేమోనని మా వాళ్లం నవ్వుకుంటాం. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, కాలువలు పారాయి, కోనసీమ పచ్చబడింది. ఆ కాటనే ఇండియాకు రైళ్ల కంటే పడవ కాలువలు మేలని జీవితమంతా వాదించాడు. ఖర్చు తక్కువ, సరుకు ఎక్కువ మోస్తాయి, పొలానికి నీరూ ఇస్తాయి అని ఆయన లెక్క. బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందుకు వెళ్లి మరీ చెప్పాడు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే వంతెన ఎక్కించి అవతలి లంకకు నీరు పంపిన కాలం అది. ఆయన మాట ప్రపంచంలో ఎక్కడా నెగ్గలేదు, ఒక్క కోనసీమలో తప్ప. ఇక్కడ కాలువలు మిగిలాయి, రైలు రాలేదు. చివరికి ఆ కాలువల్లో పడవలు కూడా పోయాయి, అది వేరే సంగతి.

మా అల్లవరం మండలానికి రవాణా కొత్త కాదండి. బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారానికి స్థావరం పెట్టుకుంది. యానాం పక్కన ఇంజరం, నరసాపురం పక్కన మాధవాయిపాలెం కూడా అలాంటివే. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి మూడింటినీ పట్టుకున్నాడు. మా నేతగాళ్ల బట్ట ఓడెక్కి లండను చేరిన కాలంలో హైదరాబాదు నవాబుకు కూడా రైలంటే తెలియదు. ఇప్పుడు ఓడలరేవులో ఓఎన్‌జీసీ వాళ్ల టెర్మినల్ ఉంది. సముద్రం అడుగున తీసిన గ్యాసు గొట్టాల్లో మా మండలానికి వచ్చి, గొట్టాల్లోనే బయటికి వెళుతుంది. గ్యాసుకు దారి దొరికింది. మాది మాత్రం బస్‌స్టాండే.

2022 ఏప్రిల్లో జిల్లాల గీతలు మార్చినప్పుడు ఒక తమాషా జరిగింది. రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి కొత్త కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. అంటే ఒక్క పట్టా కొత్తగా వేయకుండా, ఒక్క నది దాటకుండా, కోనసీమ జిల్లాకు రైలు స్టేషన్లు వచ్చేశాయి! కలెక్టరు గారి కాగితాల్లో మేం రైలున్న జిల్లా. గౌతమికి ఇవతల నిలబడి చూసేవాడికి మాత్రం ఏమీ మారలేదు.

ఇప్పుడు నేను అడిగేవి. ఒకటి పైన చెప్పాను: కాకినాడ, కోటిపల్లి మధ్య రోజూ బండి నడపండి, దాన్ని పంటుతో కలపండి. పుష్కరాలకు పన్నెండు రోజుల ప్రత్యేక రైళ్లు వేసి తర్వాత ఎత్తేయడం మాకు అలవాటైన పద్ధతి, అలా వద్దు. పుష్కరాల ముందే మొదలుపెట్టి, తర్వాతా ఉంచండి. జనం లేరు, నష్టం వస్తుంది అని మీ లెక్కల వాళ్లు చెబుతారు. రోజుకొక్క బండి, అదీ ఎప్పుడొస్తుందో తెలియని బండి నడిపితే జనం ఎలా అలవాటు పడతారు? కరప, వేళంగి, రామచంద్రపురం వాళ్లు పొద్దున్నే కాకినాడలో ఆఫీసులకూ కాలేజీలకూ చేరే వేళకు ఒకటి, సాయంత్రం తిరుగు వేళకు ఒకటి నడిపి, ఏడాది ఆగి అప్పుడు లెక్క వేయమనండి.

ఇంకోటి, గౌతమి వంతెన తెరుచుకున్న రోజు కోటిపల్లి టెర్మినల్ కాకుండా పోతుంది. రైళ్లు దాన్ని దాటుకుంటూ వెళ్లే మామూలు స్టేషనవుతుంది. మంచిదే, మేం కోరుకునేదీ అదే. కానీ ఆలోపు, పట్టాలు ఆగిన ఆ కొస ఎలా ఉందో కొలతలతో సహా నమోదు చేయించండి. ఫొటోలు తీయించండి. 1928 నాటి నక్షాలు, టైమ్‌టేబుళ్లు, ఛార్జీల పట్టికలు, 1940 నాటి పట్టాల తొలగింపు ఉత్తర్వులు ఏ గదిలో ఉన్నా దుమ్ము దులిపించి, వాటి నకళ్లు కోటిపల్లి స్టేషన్లో ఒక గోడకు తగిలించండి. 1940లో ఆఖరి బండిని చూసిన పిల్లలు బతికి ఉంటే ఇప్పుడు తొంభై దాటారు. వాళ్ల మాట రికార్డు చేయడానికి ఏ టెండరూ పిలవక్కరలేదు, మా కాలేజీ పిల్లల చేతికి ఒక ఫోనిస్తే చాలు. రాజమండ్రిలో 1997లో రైళ్లు ఆపేసిన హేవ్‌లాక్ వంతెన ఇప్పటికీ నిలబడి ఉంది, చూసి మురిసిపోతున్నాం. కోటిపల్లికి అంత పెద్ద కట్టడం లేదు కాబట్టి దాని కాగితాలనే కాపాడుకోవాలి.

చివరిది చిన్నది. 1928లో మొదటి బండి ఏ తేదీన నడిచిందో మీ దస్త్రాల నుంచి తీసి ముందుగా ప్రకటించండి. అదే తేదీన 2028లో కాకినాడ నుంచి బండి నడపండి. బోడసకుర్రు వైపు నుంచి, అమలాపురం నుంచి మేం ముక్తేశ్వరం వచ్చి, పంటెక్కి, కోటిపల్లిలో ఆ బండి ఎక్కుతాం. టికెట్లు కొనే ఎక్కుతాం.

ఇట్లు,
అల్లవరం మండల వాసి